ముందు మీటరు, తర్వాత ప్యానెల్

రామచంద్రపురంలో కుళాయి తిప్పితే నీళ్ళు రావాలంటే రెండు కావాలి: గోదావరి, కరెంటు. గోదావరి గురించి మనకు చాలా తెలుసు. ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయిందని బడిపిల్లలు కూడా చెబుతారు. తూర్పు డెల్టా కాలువలకు నీళ్ళు ఎప్పుడు వదులుతారో, ఎప్పుడు కట్టేస్తారో రైతులతో పాటు టీకొట్టు బల్ల మీద కూర్చున్నవాళ్ళకీ తెలుసు. కరెంటు దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివిడి ఉండదు. మునిసిపాలిటీ నీళ్ళ మోటార్లు నెలకు ఎన్ని యూనిట్లు వాడుతున్నాయని అడిగితే, ఏ పట్టణంలోనైనా తడుముకోకుండా చెప్పగలిగేవాళ్ళు ఒకరో ఇద్దరో ఉంటారు. ఆ ఒకరిద్దరిలో మీరూ ఒకరు కావాలన్నదే ఈ అధ్యాయం ఉద్దేశం.

మీరు వార్డు సచివాలయంలో సౌకర్యాల కార్యదర్శి కావచ్చు, ఎనర్జీ అసిస్టెంటు కావచ్చు, మునిసిపల్ ఏఈ, కౌన్సిలరు, మెప్మా పొదుపు సంఘం లీడరు, రిటైరైన మాస్టారు ఎవరైనా కావచ్చు. ఊరి మీద మమకారం ఉండి, కూడికలు తీసివేతలు వస్తే చాలు. బొగ్గు నుంచి ఎండకు, డీజిల్ నుంచి బ్యాటరీకి దేశం మారుతున్న ఈ కాలంలో ఆ మార్పును మన ఊరికి ఎవరో తెచ్చిపెట్టరు. లెక్క తెలిసిన స్థానికులు పూనుకుంటేనే వస్తుంది.

మన చేతిలో ఏముంది?

ముందు పరిధి తెలుసుకోండి. కరెంటు పంపిణీ మునిసిపాలిటీ పని కాదు. ఒకప్పుడు ఈ ప్రాంతంలో పట్టణాలకు కరెంటు స్థానిక కంపెనీలు ఇచ్చేవి. రాజమండ్రికి రాజమండ్రి ఎలక్ట్రిక్ సప్లయి కార్పొరేషన్ ఉండేది. 1949 మద్రాసు చట్టం కింద దాన్ని స్వాధీనం చేసుకోవడంపై వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1954లో ఆ చట్టమే చెల్లదని తీర్పు వచ్చింది. 1959లో రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. 2000 నుంచి గోదావరి జిల్లాల్లో పంపిణీ బాధ్యత విశాఖ కేంద్రంగా ఉన్న విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) ఏపీఈపీడీసీఎల్‌ది. తెలుగు నేల మీద వినియోగదారులే సభ్యులుగా నడిపే పంపిణీ సంస్థ కావాలంటే 1970లో పుట్టిన సిరిసిల్ల సహకార విద్యుత్ సంస్థ (సెస్) వైపు చూడాలి.

తీగలూ ట్రాన్స్‌ఫార్మర్లూ మునిసిపాలిటీవి కావు. అయినా దాని చేతిలో ఉన్నది తక్కువేమీ కాదు. నీళ్ళ పంపులు, వీధిదీపాలు, మురుగునీటి మోటార్లు, చెత్త బళ్ళు, ఆఫీసులు, బడులు, మార్కెట్లు అన్నీ దానివే. వాటి పైకప్పులూ, ఖాళీ స్థలాలూ, వేసవి నీటి చెరువూ దానివే. చట్టం దృష్టిలో మునిసిపాలిటీ డిస్కంకు ఒక వినియోగదారు, అంతే. కానీ ఊళ్ళో దానిలా ఇన్ని సర్వీసులు, ఇన్ని కప్పులు ఉన్న వినియోగదారు మరొకరు ఉండరు.

ఇంత చిన్న ఊరు ఏం చేయగలదని ఎవరైనా అంటే జర్మనీలోని షోనావు కథ చెప్పండి. బ్లాక్ ఫారెస్ట్ కొండల్లో రెండున్నర వేల జనాభా ఉన్న ఊరది. 1986లో చెర్నోబిల్ ప్రమాదం తర్వాత అక్కడి తల్లిదండ్రులు కొందరు ఒక చోట చేరారు. వాళ్ళలో ఎవరికీ కరెంటు వ్యాపారం తెలియదు. మొదట చేసిన పనుల్లో ఒకటి, ఎవరి ఇంట్లో కరెంటు ఎక్కువ ఆదా అవుతుందో చూద్దామని ఇళ్ళ మధ్య పోటీలు పెట్టడం. రెండుసార్లు ఊరంతా ఓటు వేసుకుని, చందాలు పోగుచేసి, 1997లో ఊరి విద్యుత్ వ్యవస్థనే కొనేశారు. మన చట్టాలు వేరు, ఆ చివరి మెట్టు మనకు అవసరమూ లేదు. నేర్చుకోవాల్సింది వాళ్ళ మొదటి మెట్టు. ఆదాతో మొదలుపెట్టినవాళ్ళకు మిగతాదంతా నేర్చుకునే ధైర్యం వచ్చింది.

మొదటి మెట్టు: కొలవండి

మునిసిపాలిటీ పేరిట ఉన్న ప్రతి కరెంటు సర్వీసుకూ ఒక నంబరు ఉంటుంది. ఒక పుస్తకంలో ఆ నంబర్లన్నీ రాయండి. ఒక్కో నంబరు ఎదురుగా అది ఏ మోటారుకు, ఏ వీధి దీపాలకు, ఏ భవనానికి అన్నది రాసి, గత 12 నెలల యూనిట్లు, బిల్లు మొత్తం వేయండి. ఈ పని చేస్తుంటేనే కొన్ని బయటపడతాయి. ఎప్పుడో మూతపడ్డ బోరుకు ఇంకా నెలనెలా చార్జీ పడుతుండవచ్చు. మీటరు పాడైన సర్వీసుకు సగటు బిల్లు వస్తుండవచ్చు. ఒక సర్వీసు తప్పు కేటగిరీలో ఉండవచ్చు. ఇవి సరిచేయించడానికి పైసా ఖర్చు లేదు, ఒక అర్జీ చాలు.

పెద్ద పంపులు అధిక వోల్టేజీ హెచ్‌టీ సర్వీసు మీద ఉంటే బిల్లులో రెండు అంకెలు తప్పక చూడండి. ఒకటి కాంట్రాక్టు డిమాండు. నిజంగా తీసుకున్న డిమాండు తక్కువైనా, ఒప్పుకున్న దానిలో 80 శాతానికి చార్జీ కట్టాల్సిందే. పాత పెద్ద మోటార్లు తీసేసిన తర్వాత కూడా పాత డిమాండే కొనసాగుతుంటే ఆ డబ్బు ఊరికే పోతున్నట్టు. రెండోది పవర్ ఫ్యాక్టర్. హెచ్‌టీలో బిల్లు కేవీఏహెచ్ (పవర్ ఫ్యాక్టర్ తగ్గితే పెరిగే కొలత) లెక్కన వస్తుంది కాబట్టి, కెపాసిటర్లు పాడైతే అదే నీటికి ఎక్కువ యూనిట్లు పడతాయి.

ఇక పంపు షెడ్డులోకి వెళ్ళండి. మోటారు హోరులో మాట వినపడదు. గ్లాండు దగ్గర నీళ్ళు ధారగా కారి నేలంతా తడిసి ఉంటుంది. ప్యానెల్ బోర్డు మీద అమ్మీటరు ముల్లు ఎక్కడుందో చూడండి. డెలివరీ వాల్వు పూర్తిగా తెరిచి ఉందా, సగం మూసి నడుపుతున్నారా అని ఆపరేటరును అడగండి. మోటారు ఎన్నిసార్లు రివైండింగ్‌కు వెళ్ళిందో కూడా అడగండి. మోటారు చప్పుడు బట్టి దాని ఆరోగ్యం చెప్పగలిగిన మనిషి ఆయన. ఆయన చెప్పింది రాసుకోండి. ఇన్నేళ్ళలో ఆయన్ను ఈ ప్రశ్నలు అడిగినవాళ్ళు తక్కువమందే ఉంటారు.

తర్వాత ఒక చిన్న పరీక్ష. ఓవర్‌హెడ్ ట్యాంకు అవుట్‌లెట్ మూయించి, పంపు నడిపించండి. ట్యాంకు లోపలి వ్యాసం 10 మీటర్లు అనుకుందాం. నీటిమట్టం ఒక మీటరు పెరిగితే 78,500 లీటర్లు ఎక్కినట్టు. ఆ వ్యవధిలో మీటరు 14 యూనిట్లు తిరిగిందనుకోండి. అంటే వెయ్యి లీటర్లకు 0.18 యూనిట్. పైపులో రాపిడితో కలిపి నీటిని 25 మీటర్లు ఎత్తాలంటే, శాస్త్రం ప్రకారం వెయ్యి లీటర్లకు 0.068 యూనిట్ చాలు. పంపు, మోటారు కలిసి 60 శాతం సామర్థ్యంతో పనిచేస్తే 0.11 దాకా అవుతుంది. మీకు వచ్చినది 0.18. అంటే ఈ పంపు సెట్టు సామర్థ్యం 38 శాతమే, కట్టిన కరెంటులో అరవై శాతానికి పైగా వేడిగా, చప్పుడుగా పోతోంది.

ఈ ఒక్క అంకె, వెయ్యి లీటర్లకు ఎన్ని యూనిట్లు అన్నది, ప్రతి పంపుకూ రాసి గోడకు అంటించండి. నెలకోసారి మళ్ళీ కొలవండి.

రెండో మెట్టు: వృథా ఆపండి

సోలార్ ప్యానెళ్ళు కంటికి కనిపిస్తాయి, ప్రారంభోత్సవానికి బాగుంటాయి. అందుకే చాలామంది అక్కణ్నుంచి మొదలుపెడతారు. అలా చేస్తే ఊరి డబ్బు ఎంత పోతుందో లెక్క వేద్దాం.

50 హెచ్‌పీ మోటారు పూర్తి భారంతో నడిస్తే గంటకు దాదాపు 41 యూనిట్లు తీసుకుంటుంది. రోజుకు 12 గంటలు నడిస్తే దాదాపు 500 యూనిట్లు. మన ఎండకు ఒక కిలోవాట్ ప్యానెల్ రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తుంది. 500 యూనిట్లకు 125 కిలోవాట్లు కావాలి. కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగుల చోటు కావాలి కాబట్టి అది 12,500 చదరపు అడుగులు. ఇప్పుడు అదే పంపుకు ఇంపెల్లరు మార్చి, గ్లాండు బాగుచేసి, అవసరమైతే సరైన సైజు కొత్త పంపు, మంచి సామర్థ్యమున్న మోటారు పెట్టి సామర్థ్యాన్ని 38 నుంచి 60 శాతానికి తెచ్చారనుకోండి. అంతే నీటికి రోజుకు 320 యూనిట్లు చాలు. ప్యానెళ్ళు 80 కిలోవాట్లతో సరిపోతాయి. ముందు పంపు బాగుచేసిన ఊరికి 45 కిలోవాట్ల ప్యానెళ్ళు కొనే పని లేకుండా పోతుంది. ముందు ప్యానెళ్ళు కొన్న ఊరు, చెడ్డ పంపుకు ఎండను కూడా ధారపోస్తుంది.

పైపుల లీకులు కూడా కరెంటు లెక్కలోనివే. శుద్ధిచేసి, ఎత్తి, దారిలో కారిపోయిన ప్రతి లీటరుకూ కరెంటు బిల్లు కట్టే ఉంటాం. ఫిట్టర్లు లీకు బాగుచేసిన ప్రతిసారీ తేదీ, వీధి రాయిస్తే ఏ పైపులైను పదేపదే పగులుతోందో ఏడాదిలో తెలిసిపోతుంది.

వీధిదీపాల్లో మన రాష్ట్రం దేశానికే దారి చూపింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను అతలాకుతలం చేశాక, కేంద్ర ప్రభుత్వ రంగంలోని ఈఈఎస్ఎల్ ఆ నగరంలో 91,775 దీపాలను ఎల్‌ఈడీలుగా మార్చింది. ముందుగా పెద్ద పెట్టుబడి నగరపాలక సంస్థ మీద పడకుండా, మిగిలిన కరెంటు ఖర్చులోంచే ఏళ్ళ తరబడి తీర్చే పద్ధతి అది. తర్వాత రాష్ట్రంలోని పట్టణాలన్నిటికీ అదే దారి. అయితే ఎల్‌ఈడీ పెట్టడంతో పని తీరిపోదు. మీ వార్డులో పగలు వెలుగుతున్న దీపాలెన్ని, రాత్రి వెలగనివెన్ని అని నెలకోసారి తిరిగి చూడండి. ఒక వీధి స్విచ్చింగ్ బాక్సు పాడై, 20 వాట్ల దీపాలు 50 పగలంతా వెలిగితే రోజుకు 12 యూనిట్లు దండగ.

మూడో మెట్టు: వేళ మార్చండి

కరెంటు వ్యవస్థలో ఇప్పుడొచ్చిన పెద్ద మార్పు ఇది. మధ్యాహ్నం ఎండ కరెంటు పుష్కలంగా ఉంటుంది. సాయంత్రం ఇళ్ళలో లైట్లు, ఏసీలు, టీవీలు ఒక్కసారి వేసేసరికి కొరత మొదలవుతుంది. 2023 జూన్‌లో కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు సవరించి, వేళను బట్టి ధర ఉండాలని, ఎండ వేళల్లో అది మామూలు ధర కంటే కనీసం 20 శాతం తక్కువ ఉండాలని చెప్పింది. మీ సర్వీసు కేటగిరీకి ఏ వేళకు ఏ ధర వర్తిస్తుందో రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఏపీఈఆర్‌సీ టారిఫ్ ఉత్తర్వు తీసి చూడండి.

నీటి సరఫరా విభాగానికి ఈ మార్పులో ఎవరికీ లేని బలం ఉంది. రైతు గాదెలో ధాన్యం దాచుకున్నట్టు, మునిసిపాలిటీ ఓవర్‌హెడ్ ట్యాంకులో కరెంటును దాచుకోగలదు. మధ్యాహ్నం చౌక కరెంటుతో ఎక్కించిన నీళ్ళు మర్నాడు పొద్దున్న మోటారు వేయకుండానే కుళాయిల్లోకి దిగుతాయి. దీనికి లక్షల ఖరీదు చేసే బ్యాటరీలు అక్కర్లేదు. కావలసింది పంపింగ్ వేళల పట్టిక తిరగరాయడం, ట్యాంకు నిండిందో లేదో చెప్పే సెన్సరు ఒకటి, ఆపరేటర్ల డ్యూటీ వేళల సర్దుబాటు. ఈ మూడోదే అన్నిటికన్నా కష్టం. డ్యూటీ మార్చేముందు ఆపరేటర్లను కూర్చోబెట్టుకుని మాట్లాడండి. ఇంటికి వెళ్ళే వేళ, పిల్లల బడి వేళ ఉన్న మనుషులు వాళ్ళు. వాళ్ళను కలుపుకోకుండా గీసిన పట్టిక గోడ మీదే ఉండిపోతుంది.

డెల్టాలో ఈ లెక్కకు ఒక రుతువు కూడా ఉంది. దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. మళ్ళీ నీళ్ళు వదిలేదాకా పట్టణాలు వేసవి నీటి చెరువుల మీదే బతకాలి. కాబట్టి కాలువ కట్టేముందు చెరువు నింపే రోజుల్లో పంపింగ్ భారం బాగా పెరుగుతుంది. అవి మంచి ఎండ రోజులు కూడా. ఆ నింపుడు పగటిపూటకు జరిపితే ప్రయోజనం ఎక్కువ.

నాలుగో మెట్టు: సొంతంగా తయారు చేయండి

ఇప్పుడు ప్యానెళ్ళ దగ్గరికి రండి. ముందుగా పంపుల పక్కనున్న కప్పులు, ఖాళీ స్థలాలు చూడండి. పగలు తయారైన కరెంటు పగలే, అక్కడికక్కడే వాడుకుంటే లాభం ఎక్కువ. నీటి మీద తేలే ప్యానెళ్ళకు విశాఖ ముడసర్లోవ జలాశయం ఉదాహరణ. అక్కడ 2018 నుంచి 2 మెగావాట్ల ప్లాంటు నడుస్తోంది. అవి నీరు ఆవిరవడాన్ని కూడా తగ్గిస్తాయి. అయితే కప్పు మీద పెట్టేదాని కంటే ఖర్చెక్కువ కాబట్టి, కప్పులన్నీ నిండాకే చెరువు వైపు చూడండి.

ఇళ్ళ సంగతి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో కేంద్ర సబ్సిడీ ఒక కిలోవాట్‌కు 30,000 రూపాయలు, రెండు కిలోవాట్లకు 60,000, మూడు, ఆపైన ఎంతైనా 78,000. ప్రజలతో పెట్టించినందుకు స్థానిక సంస్థకు కూడా ఇంటికి వెయ్యి రూపాయల ప్రోత్సాహకం ఉంది. ఈ పనికి మెప్మా పొదుపు సంఘాల మహిళలను మించినవారు లేరు. బ్యాంకు అప్పు ఎలా తీసుకోవాలో, వాయిదా ఎలా కట్టాలో వాళ్ళకు కొట్టిన పిండి. ఇంటింటికీ వెళ్ళి నెల బిల్లు పక్కన నెల వాయిదా పెట్టి చూపించగలిగేది వాళ్ళే.

ఈ దశలో డిస్కం ఏఈని మొదటి రోజు నుంచే కలుపుకోండి. ఒకే వీధి ట్రాన్స్‌ఫార్మర్ మీద చాలా ఇళ్ళు ప్యానెళ్ళు పెడితే, మధ్యాహ్నం వాడకం తక్కువై తయారీ ఎక్కువై వోల్టేజీ పెరుగుతుంది. ఇన్వర్టర్లు వాటంతటవే ఆగిపోతాయి, జనం డిస్కంను తిడతారు. ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఎన్ని దరఖాస్తులు వచ్చాయో వార్డు వారీగా పట్టిక వేసి ముందే ఇస్తే, ఆయన ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం పెంచడానికి ప్రతిపాదన పంపగలడు. మిగిలిన కరెంటును డిస్కంకు ఇచ్చి బిల్లులో తగ్గించుకునే నెట్ మీటరింగ్ వల్ల డిస్కం ఆదాయం తగ్గుతుందన్న బెంగ కూడా నిజమైనదే. అందుకే మునిసిపాలిటీ తన బకాయిలు వేళకు కట్టాలి. బాకీ ఉన్నవాడి మాటకు ఏ ఆఫీసులోనూ విలువ ఉండదు.

తుపాను రోజు

మన తీరానికి ఇది తప్పనిసరి పాఠం. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపాను కోనసీమను ఎలా నేలకూల్చిందో పెద్దవాళ్ళను అడగండి. ప్యానెళ్ళ గురించి చాలామందికి తెలియని విషయం ఒకటుంది. మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్, లైను కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. తీగల మీద పనిచేసే లైన్‌మెన్‌కు షాకు కొట్టకుండా ఉండేందుకే ఆ ఏర్పాటు. అంటే మండుటెండలో కూడా, లైను లేకపోతే ఆ ప్యానెళ్ళతో పంపు నడవదు. కాబట్టి ఊరి తాగునీటికి కనీసం ఒక పంపును జనరేటరుతో గాని, బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టరుతో గాని నడిచేలా ఉంచండి. తుపాను హెచ్చరిక రాగానే ట్యాంకులన్నీ అంచుదాకా నింపడం రాతపూర్వక నియమం చేయండి. ప్యానెళ్ళ ఫ్రేములకు గాలి వేగాన్ని తట్టుకునే డిజైను ధ్రువపత్రం లేకుండా బిల్లు పాస్ చేయకండి.

చెప్పే తీరు

లెక్క మీ దగ్గర ఉంటే చాలదు, అది పైవాళ్ళ చెవికి ఎక్కాలి. కమిషనరు గారి గదిలోకి వెళ్ళి, “సార్, రెండో నంబరు మోటారు పాతదైపోయిందండి, మార్చాలండి” అంటే, “అన్నీ పాతవే కదయ్యా, నిధులేవీ?” అన్న జవాబు వస్తుంది. అదే మాట ఇలా చెప్పి చూడండి:

“సార్, రెండో నంబరు పంపు వెయ్యి లీటర్లకు 0.18 యూనిట్ తాగుతోందండి. 0.11 చాలు. రోజుకు 180 యూనిట్లు దండగండి. యూనిట్ ఏడు రూపాయలు వేసుకున్నా నెలకు 37,800. పంపు సెట్టు కొటేషన్ ఇదిగోండి. ఎన్ని నెలల్లో డబ్బు తిరిగొస్తుందో కింద వేశానండి.”

ఈసారి కమిషనరు గారు కాగితం చేతిలోకి తీసుకుంటారు. మీ హోదా మారలేదు, మీ మాట బరువు మారింది. హోదా తక్కువైన ఉద్యోగికి ఉన్న అతి పెద్ద బలం కొలిచిన అంకె. కౌన్సిల్లో పక్షాలు మారినా, అధికారులు బదిలీ అయినా ఆ అంకె అలాగే నిలబడుతుంది. అందుకే పుస్తకం మీ పేరున కాకుండా ఆఫీసు పేరున ఉంచండి. మీరు వెళ్ళిపోయిన తర్వాత వచ్చేవాళ్ళకు అది అందాలి.

ఈ నెలలో చేయాల్సినవి

1. మొదటి వారం: మునిసిపల్ కరెంటు సర్వీసుల నంబర్లన్నీ ఒక పుస్తకంలోకి ఎక్కించండి. మూతపడ్డవి, మీటరు పాడైనవి ఎర్ర సిరాతో గుర్తుపెట్టండి.

2. రెండో వారం: ఒక్క పంపు ఎంచుకుని ట్యాంకు పరీక్ష చేయండి. పంపు ఆపరేటరును పక్కన పెట్టుకునే చేయండి.

3. మూడో వారం: రాత్రి ఎనిమిదికి ఒకసారి, పొద్దున్న తొమ్మిదికి ఒకసారి మీ వార్డంతా తిరిగి దీపాలు లెక్కపెట్టండి.

4. నాలుగో వారం: ఈ మూడింటి ఫలితం ఒకే పేజీలో రాసి, ఒక కాపీ కమిషనరుకు, ఒక కాపీ డిస్కం ఏఈకి, ఒక కాపీ మీ వార్డు కౌన్సిలరుకు ఇవ్వండి.

ప్యానెళ్ళు కొనేందుకు నిధులు రావచ్చు, రాకపోవచ్చు. మీటరు చదవడానికి నిధులు అక్కర్లేదు. ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడకుండా, మీ ఊరి పంపు షెడ్డుకు రేపే వెళ్ళండి.